అంచు కుట్టని బొంత

మా చిన్నప్పుడు... జగ్గయ్యపేటలో డాక్టరు గారికి చూపించుకుని నందిగామ బస్సులో తిరిగి వస్తున్నాం. నేను, నాన్న, మా మధ్యలో నాయనమ్మ. డాక్టరు గారు నాన్న ఒక్కణ్ణే బయటికి పిలిచి ఏదో చెప్పారు. అప్పట్నుంచీ నాన్న కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

"ఏమన్నాడ్రా?" అంది నాయనమ్మ.

"ఏం లేదమ్మా... మందులు రాసిచ్చాడు."

"మందుల సంగతైతే నా ముందే చెప్పేవాడుగా!"

ఇక నాయనమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే సలహా... ఓపిక ఉండగానే వేదాద్రి వెళ్ళి నరసింహస్వామిని చూసి రమ్మని. "ఆయన్ని ఎలాగూ దగ్గర్నుంచే చూడబోతున్నాగా" అనేది నవ్వుతూ. భయం లేక కాదు... ఎవరూ లేనప్పుడు అరుగు మీద కూర్చుని తన చేతులు తనే చూసుకునేది. అలా చూసినప్పుడు నాకు దగ్గరికి వెళ్ళాలంటే బెరుకుగా ఉండేది.

ఒకరోజు ట్రంకుపెట్టె తీసింది. తాతయ్య పాత పంచెలు, తన నేతచీరలు ముందేసుకుని బొంత మొదలుపెట్టింది. అప్పటికి అమ్మ కడుపుతో ఉంది. బిడ్డ పుట్టకముందే బొంత కుట్టడమా! మా వైపు అంతకంటే అపచారం లేదు. అమ్మ హడలిపోయింది.

"పుట్టాక కుట్టుకోవచ్చు గదండీ అత్తయ్యా..."

"పుట్టేదాకా నేనుండాలి గదే!"

కాసేపటికి నాయనమ్మే దారి కనిపెట్టింది.

"ఒక అంచు కుట్టకుండా వదిలేస్తాలే. అప్పుడది బొంతే కాదు, ఉత్త పాతగుడ్డలు. పుట్టాక ఆ అంచు నువ్వు కుట్టుకో."

సూది పట్టుకున్నాక నాయనమ్మకు మళ్ళీ కోపాలొచ్చాయి. పులుసులో ఉప్పు తక్కువైందని అరిచింది. పాలు నీళ్ళగా ఉన్నాయని తగాదా పెట్టుకుంది. మాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

మిరప కోతలప్పుడు పోయింది... తమ్ముడు ఎండాకాలంలో పుట్టాడు. పురుడు తీరాక అమ్మ ఆ నాలుగో అంచు కుట్టింది. కుట్లన్నీ వంకరటింకరగా పడ్డాయి... ఏడుస్తూ కుట్టింది మరి.

ఇప్పుడు నేను నాయనమ్మ వయసు దాటేశాను. మొన్న డాక్టరు మా అమ్మాయిని బయటికి పిలిచి మాట్లాడాడు. ఇంటికొచ్చి ఏదైనా పని మొదలుపెడదామనుకున్నాను... ఏమీ తోచక టీవీ పెట్టుకుని కూర్చున్నాను. అన్నీ కొట్లోంచే వస్తున్నాయి. నా చేతిపని కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరున్నారు? చాలా అలసటగా ఉంది...

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చివరి రోజుల్లో ఏ పని పట్టుకున్నారో రాయండి. ఊరికే తెలుసుకుందామని కాదు... నేనూ ఏదో ఒకటి మొదలుపెట్టాలి.