గాజులు గలగల లాడంగా

మొన్న గుంటూరులో డాక్టరు గారి దగ్గర మా తమ్ముడి పక్కన కూర్చున్నాను. పక్షవాతం వచ్చి వాడికి కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. మాట నేర్పే అమ్మాయి, మా మనవరాలి ఈడుది, "సార్ చిన్నప్పుడు బాగా విన్న పాట ఏదైనా ఉందా ఆంటీ? మాట మెదడులో ఎక్కువగా ఎడమపక్క ఉంటుంది. పాటకి కుడిపక్క కూడా సాయం చేస్తుంది. అందుకే మాట రానివాళ్లకి ఒక్కోసారి పాట వస్తుంది" అంది. నాకు చెవులు వేడెక్కాయి. ఈ సంగతి ఆ పిల్ల పుస్తకంలో చదువుకుంది. మేము ప్రత్తిపాడులో మా ఇంటి పంచలోనే చూశాం, చూసి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చచ్చాం.

మా నాయనమ్మ వియ్యాలవారి పాటలకి చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరుమోసిన మనిషి. పెళ్లి భోజనాల దగ్గర ఆడవాళ్లు అవతలి వియ్యపురాలిని పాటలో ఏడిపించాలి, ఆవిడ పాటలోనే బదులు చెప్పాలి, చెప్పలేకపోతే ఓడినట్టు. మా అమ్మ పెళ్లిలో నాయనమ్మ ఇలా ఎత్తుకుందట:

"వియ్యపురాలొచ్చె చూడరే, గాజులు గలగల లాడంగా
విస్తర్లు నాలుగు వేయరే, ఆకలి కరకర లాడంగా"

మా అమ్మమ్మేమన్నా తక్కువదా? "గారెల గంపలు తెచ్చితిమే, గడపలో మీరే మింగితిరే" అని అక్కడికక్కడే తిప్పికొట్టిందట. ఆ రోజు నుంచి వదినా అంటే వదినా అని ఇద్దరూ ఒకటే కబుర్లు.

అలాంటి నాయనమ్మకి ఓ మిరపకోతల కాలంలో పక్షవాతం వచ్చింది. నోరు తెరిస్తే "వ... వ..." తప్ప ఏమీ లేదు. ఓ మధ్యాహ్నం పంచలో కూలి ఆడవాళ్లు మిరపకాయల తొడిమలు తీస్తూ, ఆ ఘాటుకి తుమ్ముతూ, ఏదో పాడుకుంటుంటే మంచం మీంచి నాయనమ్మ గొంతు లేచింది. ఆ వియ్యపురాలి పాటే, పొల్లు పోకుండా! అమ్మ చేతిలో చేటతోనే పరుగెత్తింది. మాట వచ్చేసిందని కొబ్బరికాయ కూడా కొట్టాం. ఏం లాభం, ఆ పాట ఒక్కటే వచ్చింది. మంచినీళ్లు కావాలన్నా అదే, దుప్పటి కావాలన్నా అదే. మిరపకాయల బేరానికి వచ్చిన సాయిబు గారు గడపలో అడుగు పెట్టగానే "వియ్యపురాలొచ్చె చూడరే" అని అందుకుంది. నాన్న మొహం మాడిపోయింది. ఆయన మాత్రం నవ్వేసి, "పోనీలెండి, పెద్దమ్మగారు నన్నూ చుట్టాల్లో కలిపేశారు" అన్నాడు. బళ్లో పిల్లలు నన్ను ఆ పాటతోనే పిలిచేవాళ్లు. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

అంతలో మా అమ్మ వాళ్ల నాన్న పోయాడు. పెద్దకర్మ అయ్యాక అమ్మమ్మని మా ఇంటికి నిద్రకి తీసుకొస్తున్నారు. భర్త పోయిన మనిషిని అయినవాళ్లు పిలిచి ఓ రాత్రి తమ ఇంట్లో ఉంచుకోవడం మా ఆనవాయితీ. అమ్మకి అన్నం సయించలేదు. "ఏవండీ, అత్తయ్యగారిని వెనక గదిలో పడుకోబెట్టండి. మా అమ్మని చూసి ఆ పాట అందుకుందంటే, మా పుట్టింటివాళ్లు ఇక ఈ గడప తొక్కరు" అంది నాన్నతో. పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశాం.

అమ్మమ్మ బండి దిగింది. బొట్టు లేదు, గాజులు లేవు. అమ్మలక్కలు చుట్టూ చేరారు. కూర్చోకుండానే, "మా వదినేదే?" అని అడిగింది.

"నిద్రపోతోందమ్మా."

"పోతే లేపుతాలే" అని నేరుగా వెళ్లి తలుపు తోసింది.

నాయనమ్మ ముందు ఆవిడ మొహం చూసింది, తర్వాత చేతులు చూసింది. పరామర్శగా ఒక్క మాట అనడానికి ఎంత తంటాలు పడిందో! మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు ధారగా కారాయి. "వ... వ... వ..." చివరికి వచ్చింది, ఖంగుమని.

"వియ్యపురాలొచ్చె చూడరే, గాజులు గలగల లాడంగా!"

"అయ్యో రాత! గాజులు తీసేసిన మనిషితోనా!" అంది గుమ్మంలో ఎవరో. అమ్మ గోడవైపు తిరిగిపోయింది. నాకైతే భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. కానీ అందరికంటే ఎక్కువ సిగ్గుపడింది నాయనమ్మే. తన నోట ఏం వచ్చిందో ఆవిడకి తెలిసింది. బాగున్న ఎడమచేత్తో నోరు గట్టిగా నొక్కుకుంది. నొక్కుకున్నా పాట లోపల్నుంచి వస్తూనే ఉంది.

అమ్మమ్మ మంచం మీద కూర్చుంది. ఆ చేతిని నోటి మీంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. "నాకు తెలుసులే వదినా, నువ్వేమంటున్నావో" అంది. తర్వాత "గారెల గంపలు తెచ్చితిమే" అని బదులందుకుంది. తాతయ్య పోయిన దగ్గర్నుంచీ కంటతడి పెట్టని మనిషి, ఆ గారెల పాట పాడుతూ వెక్కి వెక్కి ఏడ్చింది. గుమ్మంలో వాళ్లు ఒక్కొక్కరే ఇవతలికి వచ్చేశారు.

"ఏ పాటైనా పర్లేదు ఆంటీ" అంది మాట నేర్పే ఆ అమ్మాయి. గది నిండా జనం. ఈ వయసులో, పదిమందిలో, ఆ పాటా! సిగ్గు దిగమింగుకుని ఎత్తుకున్నాను. మా తమ్ముడు ఉలిక్కిపడి చూశాడు. పెదవులు కదిలాయి, "గలగల" అని బయటికొచ్చింది. వెంటనే ఎడమచేత్తో నోరు మూసుకున్నాడు, అచ్చం నాయనమ్మే. నేను ఆ చేతిని తీసి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఆ పంచ పోయింది, ఆ పాటలకి బదులు చెప్పేవాళ్లూ పోయారు. అన్నీ తీసుకుపోయిన కాలం ఆ సిగ్గొక్కదాన్నీ మాకు వదిలేసి వెళ్లింది, ఎప్పుడో ఇలా పనికొస్తుందనేమో.