స్క్రీన్‌కు వీపు పెట్టి కూర్చున్న సారు

డిసెంబరు పదమూడు, సోమవారం. ప్రార్థన కాగానే హెడ్ మేడం నన్ను పేరుపెట్టి పిలవడమే ఈ రోజు మొదటి ఆశ్చర్యం. ఏం తప్పు చేశానా అనుకుంటూ వెళ్లాను.

"మీ తెలుగు సారు నిన్న బోధన్‌ల కాలం జేసిండు బిడ్డా. రేపు ప్రార్థనల నువ్వే మాట్లాడాలె. ఆరో తరగతోళ్లు ఆయనను సూడనే లేదు" అన్నారు.

సారు మొన్న వేసవిలోనే రిటైరయ్యారు. చూడని పిల్లలకు ఆయనను ఎలా చూపించాలి? పగలంతా అదే ఆలోచన.

మేము ఎనిమిదిలో ఉండగా మా ఎడపల్లి బడికి రెండు కంప్యూటర్లు వచ్చాయి. నిజామాబాద్ నుంచి ఎవరో ఫ్లాపీలో పాము ఆట తెచ్చారు. గింజ తిన్నకొద్దీ పాము పొడుగవుతుంది. గోడకో, తన తోకకో తగిలితే చస్తుంది. మిగతా సార్లు వద్దన్న ఆటను తెలుగు సారు తన పీరియడ్‌లోనే ఆడించారు. ఆయన మాత్రం కుర్చీ తిప్పి, స్క్రీన్‌కు వీపు పెట్టి కూర్చునేవారు. ఒకరు ఆడాలి, పక్కన కూర్చున్న ఇంకొకరు ఆటంతా ఆయనకు చెప్పాలి. ఆయనకు కళ్లకు కట్టినట్టు చెప్పకపోతే ఇద్దరూ సీటు వదిలి లేవాలి.

"తిన్నది, పెరిగింది, సచ్చింది సార్!" అన్నాడు మా క్లాసు రవి, మొదటి రోజు.

"మూడు ముక్కల్ల దాని బతుకు ఖతం జేసినవారా? ఏడ తాకింది? ఎట్ల తాకింది?"

"జర ఇటు మల్లి మీరే సూడరాదుండ్రి సార్!"

"నేను సూస్తే నీకు మాటెందుకొస్తదిరా? లే, లే."

క్లాసంతా నవ్వింది. రవి కూడా.

నేను నోరు విప్పని పిల్లను. నా వంతు వచ్చినప్పుడు "పోతున్నది సార్, పోతున్నది" తప్ప ఏమీ రాలేదు.

"ఆగమాగం గాకు బిడ్డా. నీకు తెల్సినదాని తీరుగనే చెప్పు."

అప్పుడే పాము మూల తిరిగింది. "ఫ్యాక్టరీ గేటు కాడ చెరుకు బండ్ల లైను మల్లినట్టు సార్... ముందు బండి లోపలికి పోయింది, ఎనక బండ్లు ఇంక రోడ్డు మీదనే ఉన్నయి."

సారు చెయ్యి గాలిలో మెల్లగా మలుపు తిరిగింది. "ఆఁ... గిప్పుడు కనవడ్డది" అన్నారు. ఆ మాటను బోర్డు మీద రాసి, కింద నా పేరు పెట్టారు. సాయంత్రం దాకా ఎవరినీ తుడవనివ్వలేదు. ఆ రోజు నుంచే నాకు మాటలు వెతుక్కునే అలవాటైంది. పసుపు ఉడికే వాసనను ఏమనాలో ఇప్పటికీ తేలలేదు.

ఈ సాయంత్రం బడి విడిచినప్పటి నుంచి రాస్తూ చింపుతూ ఉన్నాను. 'తీరని లోటు' అని రాశాను. అది ఎవరి గురించైనా రాయొచ్చు, కొట్టేశాను. 'గొప్ప మనసు' కూడా పోయింది. రేపు పొద్దున బడి ముందు రోడ్డు నుంచే మొదలుపెడతాను. ఆరో తరగతి పిల్లలు రోజూ దాటే రోడ్డే అది, సారు మమ్మల్ని దాటించిన రోడ్డు. బస్సు దిగిన పొడవాటి మనిషి, భుజాన సంచి. మూసిన గొడుగు అడ్డంగా చాపితే చెరుకు లారీ ఆగింది. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే దాటుతున్నారు. చివరి పిల్ల, చెప్పు ఊడితే, దానికోసం వెనక్కి తిరిగింది. గొడుగు ఇంకా చాపే ఉంది.