ఏడ్వడం నేర్పిన అక్క

నా చిన్నప్పుడే నేను ఏడ్వడం మానేశాను. అనంతపురం జిల్లా యాడికి ఊరి దగ్గర మా పల్లెలో, ఆరేడేళ్ల వయసులో. అమ్మ నన్ను కన్న కొన్నాళ్లకే పోయింది. వానలు తప్పిన ఏడు నాయన కూలి వెతుక్కుంటూ బళ్లారి వైపు వెళ్లి మళ్లీ రాలేదు. ఆ తర్వాత చిన్నాయన ఇంట్లో కొన్నాళ్లు, మేనత్త ఇంట్లో కొన్నాళ్లు, చివరికి ఏ వరసన చుట్టమో ఎవరికీ సరిగ్గా తెలియని ఒక పెద్దమ్మ ఇంట్లో పెరిగాను. పెరిగాను అనడం పెద్ద మాట. ఉన్నాను, అంతే.

దీపాలు పెట్టే వేళ ఇంట్లో ఆడపిల్ల ఏడిస్తే లక్ష్మి నిలవదని మా వైపు గట్టి నమ్మకం. సొంత పిల్ల ఏడిస్తే బెల్లం ముక్క పెట్టి ఊరుకోబెట్టేవాళ్లు. నేను ఏడిస్తే మాత్రం చెనిక్కాయ చేను ఎండిపోవడానికీ, బావి అడుగంటడానికీ నేనే కారణమయ్యేదాన్ని. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నన్ను తరిమింది ఆ ఏడుపే. పెద్దమ్మ ఇంటికి చేరేసరికి నాకు బుద్ధి వచ్చేసింది. ఎంత దెబ్బ తగిలినా పళ్లు బిగబట్టుకుని ఊరుకునేదాన్ని.

పెద్దమ్మ ఇంట్లో ఉండగా ఒక వేసవిలో ఊరివాళ్లు నాటకం కట్టారు. అందులో చచ్చిపోయిన తల్లి మీద పడి ఏడ్చే చిన్నపిల్ల వేషం ఉంది. అలాంటి అశుభపు వేషం తన బిడ్డకు వేయించడానికి ఏ తల్లీ ఒప్పుకోలేదు. తల్లి లేని దాన్ని నేనున్నాను కదా! నాటకం అయ్యేదాకా నా తిండి ఊరిదేనంటే పెద్దమ్మ సంతోషంగా పంపింది.

తల్లి వేషానికి అనంతపురం నుంచి ఒక నటిని పిలిపించారు. అందరూ ఆమెను అక్కా అనేవారు, నేనూ అన్నాను. ప్రాక్టీసులో ఆమె కళ్లు మూసుకుని పడుకునేది, నేను ఏడవాలి. నాకు రాలేదు. నాటకం నేర్పే హార్మోనియం మాస్టరు తొడపాశం పెట్టాడు. ఎవరో ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, తెచ్చి కళ్లలో పిండారు. కళ్లు మండాయి గానీ ఏడుపు రాలేదు.

"ఇది పిల్ల గాదప్పా, బండ. ఇంగో పిల్లను సూడండి. దీన్ని ఇంటికి పంపీండి" అన్నాడు మాస్టరు.

వేషం పోగొట్టుకుని వస్తే గడప తొక్కనివ్వనని పెద్దమ్మ ముందే చెప్పింది. అక్క లేచి, చీర దులుపుకుని, నన్ను పక్క గదిలోకి తీసుకుపోయింది.

"యాలమ్మే ఏడవవు?"

"ఏడిస్తే ఇంట్లో ఉండనీరు" అన్నాను.

ఆమె తన రంగుల పెట్టె తెరిచి, కొబ్బరినూనెలో రంగు కలిపి నా ముఖానికి పూసింది. నాటకం ఇంకా చాలా రోజులుంది, ప్రాక్టీసుకు రంగు వాడేవాళ్లెవరూ ఉండరు. పూసి, అద్దం చేతికిచ్చింది.

"సూడు. ఈ పాప ఎవురో నీకు తెలుసునా? నాకూ తెల్దు. ఈ పాపకు ఇల్లే లేదు, ఇంగ ఏ ఇంటికి కీడు జరుగుతాది? ఎంత కావల్లంటే అంత ఏడవనీ."

ఆ మధ్యాహ్నం ఆమె మీద పడి ఏడ్చాను. మాస్టరు చాలు చాలంటున్నా ఆగలేదు. చచ్చిన తల్లి చెయ్యెత్తి బిడ్డ వీపు నిమరడం నాటకంలో లేదు. అయినా అక్క నిమిరింది.

నాటకం అయ్యాక నన్ను తన వెంట అనంతపురం తీసుకుపోతానని పెద్దమ్మను అడిగింది. పెద్దమ్మ రెండోసారి అడిగించుకోలేదు. అక్క దగ్గరే పద్యం, నడక, నిలబడటం నేర్చుకుని నేనూ నటినయ్యాను. ఏడుపు వేషమంటే జిల్లా అంతా నన్నే పిలిచేవారు. ఇంట్లో మాత్రం కంటతడి పెట్టేదాన్ని కాదు.

పెళ్లయిన కొత్తల్లో ఒకరోజు దీపాల వేళ పొయ్యి ముందు కూర్చుని ఉన్నట్టుండి వెక్కివెక్కి ఏడ్చాను. ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు. భయంగా మా ఆయన వైపు చూశాను. ఆయన దీపం వెలిగించి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇది నా ఇల్లేనని ఆ రోజు నమ్మకం కుదిరింది.

ఇప్పుడు మా మనవరాలు సాయంత్రం పూట ఏడుపు రాగం అందుకుంటే, నాకు ఇబ్బందని మా కోడలు దాని నోరు మూయబోతుంది. నేను అడ్డం పడతాను.

"ఏడవనీమ్మా, దాని ఇల్లే గదా" అంటాను.