మెత్తగా పోయే బండి

మహారాష్ట్రలోని భివండి నుంచి కరీంనగర్ వైపు పోయే జీపులో ఇరుక్కుని కూర్చున్నాం. బండి కదిలేముందు మగ్గాల్లో పనిచేసే ఒకతను డ్రైవర్‌ను బతిమాలాడు.

"అన్నా, టైర్లల్ల జర గాలి తియ్యే. మా ఇంటిది నిండు నెలల మనిషి. గుంతలల్ల కుదుపులకు తట్టుకోదు."

మగ్గాల పనికి వలస వచ్చిన మావాళ్లు పురిటికి ఊరికి పోయేటప్పుడు చేసే పనే అది. డ్రైవర్ గాలి తీశాడు. నా పక్కనున్న ముసలాయన దిగి బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"మళ్ల గాలి నింపేదాక కదలనియ్య."

"ఏంది కాకా, నొప్పులు నీకొచ్చినయా?" అన్నాడు డ్రైవర్. అందరం నవ్వాం.

ఆయన నవ్వలేదు. "ఒకపారి నా కోడలి కోసం నేనే ఇట్ల గాలి తీయించిన. బండి ఊయల లెక్క పోయింది. పిల్ల నిద్ర గూడ పోయింది. ఘాట్ మలుపుల డ్రైవర్ స్టీరింగ్ తిప్పిండు, బండి తిరుగలె. మెత్తటి టైర్లు పక్కకు ఒరిగినయి. లోయల పడ్డం. నేనొక్కన్నే మిగిలిన."

డ్రైవర్ దగ్గర్లోని పంక్చర్ దుకాణంలో గాలి నింపించాడు.

ఇక ప్రతి గుంతా ఎముకలకు తగిలింది. ముసలాయన తన దుప్పటి మడిచి ఆ నిండు చూలాలి నడుము వెనక పెట్టించాడు. ఆమె మూలిగినప్పుడల్లా, "ఓర్సుకో బిడ్డా, బండి స్టీరింగ్ మాట వింటున్నది" అనేవాడు. దారిలో ఎక్కడో దిగిపోయాడు. దుప్పటి అడగలేదు.

ఇప్పటికీ ఏ బండైనా మరీ మెత్తగా పోతే ఆపమంటాను. దిగి టైర్లు చూస్తాను. జనం నవ్వుతారు. నవ్వనీ.