సినిమాలో లేని క్యూ

పిల్లల కథల రచయితగా ఊరంతా ఎరిగిన ఆ పెద్దమనిషికి ఒకే ఒక్క పిచ్చి ఉండేది: క్యూ. పదిమంది వరసగా కనిపిస్తే చాలు, ఎందుకో ఏమిటో అడగకుండా వెనకాల చేరిపోయేవారు. ఆయన కథలన్నీ అలా నిలువుకాళ్ళ మీద పుట్టినవే. ఊరెళ్ళే పని లేకపోయినా టిక్కెట్ల కిటికీ ముందు ఏనుగు కథ రాశారు. డబ్బా లేకుండా కిరోసిన్ క్యూలో నిలబడి నక్క కథ ముగించారు.

ఒకసారి భార్య తలనొప్పి మాత్రకు పంపితే నాలుగు గంటల తర్వాత వట్టి చేతులతో వచ్చారు.

"మాత్ర ఏదండీ?"

"నా వంతు వచ్చేసరికి కథ అవలేదే. మళ్ళీ వెనక్కెళ్ళి నిలబడ్డాను. నీకు తగ్గిందా?"

"ఇప్పుడే రెట్టింపైంది!"

ఆయన పోయి ఎనిమిది నెలలు. ఆయన జీవితాన్ని సినిమా తీశారనగానే ఆమె విడుదలకి రోజులు లెక్కపెట్టుకుంది. ఉన్నన్నాళ్ళూ కసురుకోవడంతోనే సరిపోయింది. ఒక్కసారి తెర మీదైనా కళ్ళనిండా చూసుకోవాలని ఆశ. సినిమా తీయకముందు దర్శకుడు వచ్చి, ఆయన ఎక్కడ కూర్చుని రాసేవారని అడిగాడు. "లైన్లో నిలబడి, నాయనా" అంది. అతను నవ్వి ఊరుకున్నాడు.

తెర మీద ఆయన కొండ కొమ్మున కూర్చున్నారు. భుజాన శాలువా. గాలి ఉన్నా లేకున్నా అది ఎగురుతూనే ఉంది.

"వదినా, అన్నయ్యకి ఎత్తు ఎక్కితే కళ్ళు తిరుగుతాయి కదూ?" అంది పక్కన కూర్చున్న ఆడపడుచు.

"స్టూలెక్కినా తిరుగుతాయి."

"మరి ఆ శాలువా?"

"వాళ్ళే తెచ్చుకున్నట్టున్నారు."

రెండున్నర గంటల్లో ఒక్క క్యూ రాలేదు. ఆయనా రాలేదు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే ముందువరస వాళ్ళు సినిమా అంత బాగుందనుకున్నారు.

బయట మెట్ల మీద ఒక ముసలాయన ఎదురొచ్చి చేతులు జోడించాడు. పిల్లల ఆసుపత్రిలో చీటీలు రాసిన గుమస్తానన్నాడు.

"ఆయన కూర్చోవడం ఏమిటమ్మా, నేనెప్పుడూ చూడలేదు! మా దగ్గర రోజుకి నలభై చీటీలే. తెల్లారకుండానే వచ్చి ముందు నిలబడేవారు. వరసలో నలభైమంది దాటాక ఏ తల్లయినా బిడ్డనేసుకుని పరుగెత్తుకొస్తే, తన చోట నిలబెట్టి వెనక్కెళ్ళిపోయేవారు."

"కథ అవలేదని కదూ?"

"వాళ్ళు మొహమాటపడకుండా అలా చెప్పేవారమ్మా. మా క్యూలో అసలు కలం జేబులోంచి తీస్తేగా!"

ఆమె అక్కడే నిలబడిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఆ మాట నమ్మి మనిషిని సాధించింది. "ఎంత అబద్ధాలకోరు!" అంది. అంటుండగానే నవ్వొచ్చేసింది.

దర్శకుడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "అమ్మా, సార్‌ని మళ్ళీ చూసినట్టుందా?"

"మీ సారు కొండ మీద బాగానే ఉన్నారు నాయనా" అంది ఆమె. "మా ఆయన మాత్రం ఇప్పుడే, ఈ మెట్ల దగ్గర కనిపించారు."