తెర మీద పూలు

మా చెల్లెలి కూతురు పోయింది. పొద్దున్నే పటమట నుంచి మా బావగారు ఫోన్ చేసి, “పాప పోయింది బావా” అన్నారు. రక్తంలో జబ్బని తెలుసు. ఇంత త్వరగా అనుకోలేదు.

మన చర్చి సంఘంలో ఎవరు పోయినా ఆ కబురు సంఘం యాప్‌లో పెట్టే పని నాది. ఆ యాప్ చేసింది మా మేనకోడలే. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆరాధన వేళలూ, పెళ్లిళ్లూ, చావు కబుర్లూ అందులోనే చూస్తున్నారు. నాకు రాయడం అలవాటు లేదు. చదువు ఊరి బడితోనే ఆగిపోయింది. అయినా ఈ నాలుగు మాటలూ నేనే రాయాలి.

తను గన్నవరం దగ్గర ఒక కంపెనీలో పనిచేసేది. తెర మీద ఏది ఎక్కడుండాలి, అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, మనిషి వేలు ముందు ఎటు పోతుంది, ఇవన్నీ చూడటమే తన ఉద్యోగం. ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో అన్నం తిని, యాప్ తెరిచి ఫోను నా చేతిలో పెట్టేది.

“మావయ్యా, మీరు చెయ్యండి. నేను మాట్లాడను.”

అని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. నా వేలు వంకే చూస్తుండేది. నేను తప్పించుకోవాలని చూసేవాణ్ణి.

“కళ్లజోడు మర్చిపోయానమ్మా.”

“జేబులో ఉన్నదేంటి మావయ్యా?”

వంటింట్లోంచి మా ఆవిడ అందుకునేది. “పెళ్లిచూపుల్లోనే తలెత్తి చూడలేదే మీ మావయ్య. ఆయన చేత ఫోను నొక్కిస్తావా?”

“అందుకే అత్తయ్యా. ఈయన నొక్కగలిగితే ఊరంతా నొక్కుతుంది.”

ఇద్దరూ నవ్వేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. అది కనిపెట్టి, “మీ వేలు ఆగిందంటే తప్పు నాది మావయ్యా, మీది కాదు” అనేది. నా పరువు కాపాడటానికి అంటోందనుకునేవాణ్ణి.

మొదట్లో, కబురు పంపేముందు వచ్చే చివరి తెర మీద ‘రద్దు’ అని ఉండేది. అది చూడగానే చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. రద్దంటే ఏం పోతుందోనని భయం. “మీరైతే ఏమంటారు?” అని అడిగింది. “పంపమంటారా అని అడుగుతానమ్మా. అప్పుడే వద్దంటే, కాస్త ఆగుతాను” అన్నాను. మళ్లీ వచ్చేసరికి అవే మాటలు పెట్టుకొచ్చింది. ‘పంపమంటారా?’ అని పైన. కింద ఒక పక్క ‘పంపండి’, ఒక పక్క ‘కాస్త ఆగండి’. ఇది మా మావయ్య డిజైను అని చర్చిలో అందరికీ చూపించింది. నేను చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాను.

ఒక ఆదివారం చావు కబురు ఎలా పంపాలో నేర్పుతోంది. నేర్చుకునేది ఎవరికీ వెళ్లదంటే, ఊరికే ఒక పేరు రాసి ‘పంపండి’ నొక్కాను. టింగుమని మోగి, తెర పైనుంచి రంగురంగుల పూలు జలజలా రాలాయి. నేను ఫోను మంచం మీద బోర్లా పెట్టేసి, “బాగుందమ్మా” అన్నాను.

“బాగుంటే బోర్లించారెందుకు?”

ఎంత కష్టపడి చేసిందోనని జంకాను. చివరికి అన్నాను, “పోయినాయన కబురమ్మా. పూలు రాలాయి.”

తన ముఖం ఎర్రబడిపోయింది. పెళ్లి కబుర్ల కోసం పెట్టిన పూలు అన్నిటికీ వచ్చేస్తున్నాయట. “అయ్యో మావయ్యా, ఇది నిజంగా పోయినవాళ్ల ఇంట్లో చూసుంటే?” అని తల పట్టుకుంది. అక్కడే లాప్‌టాప్ తెరిచి ఆ పూలు తీసేసింది. వెళుతూ గుమ్మంలో ఆగి అంది, “మొహమాటానికి బాగుందనకండి మావయ్యా. మీరు మొహమాటపడితే ఆ ఇబ్బంది ఏడ్చేవాళ్ల మీద పడుతుంది.”

జబ్బుకి మందులు మొదలుపెట్టాక తలకి స్కార్ఫు కట్టుకుని వచ్చేది. మనిషి సగమైంది. అయినా, “మీరు చెయ్యండి, నేను మాట్లాడను” అనేది. నేను అక్షరాల గురించి చెప్పేవాణ్ణి, రంగుల గురించి చెప్పేవాణ్ణి. ఒంట్లో ఎలా ఉందమ్మా అని ఒక్కసారీ అడగలేదు. నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మొహమాటం. నా వేలు కదిలేదాకా అంత ఓపిగ్గా కూర్చున్న పిల్ల, ఆ మాట కోసం కూడా కూర్చుందేమో. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

పాప పోయిన రోజు పొద్దున పాస్టరుగారు ఫోన్ చేశారు. “అన్నయ్యగారూ, కబురు పెట్టారా? ప్రార్థన ఎన్నింటికని అందరూ అడుగుతున్నారు.”

పెడుతున్నానన్నాను. తన పేరు రాశాను. పక్కన ‘గారు’ అని దానంతటదే వచ్చింది. పోయినవాళ్లెవరైనా గారు ఉండాలమ్మా అని ఒకప్పుడు నేనే అన్నాను. కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అని వచ్చింది. ‘పంపమంటారా?’ అని నా మాటతోనే నన్ను అడిగింది.

‘కాస్త ఆగండి’ నొక్కాను. తెర ఆగింది. తొందరపెట్టలేదు. తను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టే ఉంది. మళ్లీ నొక్కాను. మళ్లీ ఆగింది. మా ఆవిడ వెనక నిలబడి ఉంది. నా జేబులోంచి కళ్లజోడు తీసి నాకు పెట్టింది.

‘పంపండి’ నొక్కాను.

పూలు రాలలేదు. రాలితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. మోగలేదు కూడా. తెల్లటి తెర మీద తన పేరు, పక్కన గారు. ఫోను బోర్లించకుండా అలాగే చూస్తూ కూర్చున్నాను.