పరీక్షించకుండా పెట్టిన సంతకం

2017 మార్చి నెలాఖరు. కూర్మన్నపాలెం దాటాక ఉన్న ఒక ప్రైవేటు కంపెనీ ఫైర్ స్టేషన్‌లో నేను లీడింగ్ ఫైర్‌మన్‌గా ఉన్నాను. కంపెనీ పేరు చెప్పను. ఇందులో తప్పు కంపెనీది కాదు, నాది. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో నిప్పు గురించి పోగుచేసుకున్న కబుర్లు నా దగ్గర చాలా ఉన్నాయి. పెళ్లిళ్లలో, రైళ్లలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. ఇదొక్కటే చెప్పలేదు.

మా పనిలో మంటకన్నా పొగకే ఎక్కువ భయపడతాం. పొగలోకి వెళ్లాలంటే వీపుకు గాలి సిలిండరు, ముఖానికి మాస్కు తగిలించుకోవాలి. దీన్ని బీఏ సెట్ అంటాం. సిలిండరులో గాలి అడుగంటుతున్నప్పుడు భుజం దగ్గరుండే చిన్న విజిల్ దానంతటదే మోగుతుంది. కొద్ది నిమిషాల గాలే మిగిలింది, బయటికి నడవమని దాని అర్థం. దట్టమైన పొగలో గాలి ఎంతుందో చూపించే గేజి కనబడదు. అప్పుడు విజిలే దిక్కు.

ఆ విజిల్‌ను సింహాచలం నమ్మినట్టు ఎవరూ నమ్మలేదు. మా షిఫ్టులో ఫైర్‌మన్ అతను. పెందుర్తిలో ఇల్లు, భార్య పైడితల్లి, పదేళ్ల కూతురు దివ్య. పైడితల్లి నన్ను అన్నయ్యా అనేది కాబట్టి అతనికి నేను బావనయ్యాను. డ్యూటీ లేని ఆదివారం యారాడ వెళ్లి చేపలు తెచ్చి తనే కడిగి, తనే వండేవాడు. బడి ఉన్న రోజుల్లో కూతురికి రెండు జడలూ అతనే వేసేవాడు. గొట్టాలు మోసి కాయలు కాసిన ఆ చేతులతో జడలేమిటని మేం నవ్వితే, "మీ ఆవిడనడుగు బావా, నాను ఏసిన పాయ సాయంత్రం దాకా సెదరదు" అని గొప్పలు పోయేవాడు.

లోపలికి వెళ్లినప్పుడు అందరికన్నా ముందుండేవాడు. విజిల్ మొదటి కూత కూయగానే అందరికన్నా ముందు వెనక్కి తిరిగేవాడు. మిగతావాళ్లం ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అని సాగదీసి, దాన్నే ధైర్యం అనుకునేవాళ్లం.

"ఆ కూతకీ నీకూ ఏటి సుట్టరికం బావా?" అని నేనే వెక్కిరించాను ఒకసారి.

"మంట రేపూ ఉంటాది బావా," అన్నాడు. "మా దివ్యకి ఇంకో నాన్న దొరకడు కదా."

ఇక నా సంగతి. సెట్లు వాడిన ప్రతిసారీ, రోజూ పొద్దున్నా పరీక్షించి రిజిస్టరులో సంతకం పెట్టడం నా పని. సిలిండరు తెరిచి, మూసి, గాలిని మెల్లగా వదులుతూ గేజి ముల్లు దిగుతుంటే విజిల్ సరైన చోట మోగుతోందో లేదో వినాలి. రెండు నిమిషాల పని. కానీ అలా వదిలిన గాలి పోయినట్టే. ఆ నెలలో గాలి నింపే మా కంప్రెసరు రిపేరుకు వెళ్లింది. సిలిండర్లు బయట నింపించుకోవాల్సి వచ్చేది. గాలి మిగుల్చుకోవాలని నేను విజిల్ పరీక్ష మానేసి, గేజి చూసి 'టెస్టెడ్, ఓకే' అని రాయడం మొదలుపెట్టాను. మొదటిరోజు చెయ్యి కాస్త వెనకాడింది. నాలుగోరోజుకి అలవాటైపోయింది.

ప్రమాదానికి ముందురోజు మురుగునీటి ట్యాంకులో పడ్డ కూలీని తీయడానికి మూడో నంబరు సెట్ వాడాం. నేనే దాన్ని కడిగి, ఆరబెట్టి, సిలిండరు మార్చి తగిలించాను. విజిల్ మోగించి చూడలేదు. సంతకం మాత్రం పెట్టాను. తెల్లారి కూడా అంతే చేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ప్యాకింగ్ సామాను ఉండే గోడౌన్ అంటుకుంది. పక్కనే పెయింట్ల గది ఉంది. మంట అటు పాకకూడదు. నేనూ సింహాచలమూ గొట్టం పట్టుకుని లోపలికి వెళ్లాం. అతని వీపున ఉన్నది మూడో నంబరు సెట్. ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారో, ఎంత గాలి ఉందో రాసుకుని లెక్క చూసే మనిషి తలుపు దగ్గర ఒకడుండాలి. షిఫ్టులో ఉన్నది ఆరుగురం. మిగతా నలుగురూ పంపు దగ్గరా నీళ్ల దగ్గరా ఉండిపోయారు, తలుపు దగ్గర ఎవరూ లేరు.

లోపల మన చెయ్యి మనకే కనబడదు. కాసేపటికి నా విజిల్ మోగింది. నేను లావు మనిషిని, గాలి ఎక్కువ తాగుతాను. అతని చెయ్యి పట్టి లాగాను. ఇద్దరుగా వెళ్తే ఇద్దరుగానే రావాలన్నది రూలు. అతను నా చెయ్యి తీసుకుని తన విజిల్ మీద పెట్టాడు. తనది ఇంకా మోగలేదు, నువ్వెళ్లి సిలిండరు మార్చుకురా అని చెప్పడం. తర్వాత నన్ను తలుపు వైపు తోశాడు. నేను వెళ్లాను.

సిలిండరు మార్చుకుని గొట్టం వెంట తడుముకుంటూ తిరిగి వెళ్తే, తలుపుకి పది అడుగుల్లోనే నా కాలికి తగిలాడు. బోర్లా పడి ఉన్నాడు. తల తలుపు వైపుంది. గొట్టం చేతిలోనే ఉంది. గాలి అయిపోయి, మాస్కు ముఖానికి అతుక్కుపోయింది. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

ఇప్పటిదాకా చెప్పింది నిర్లక్ష్యం. ఇక చెప్పబోయేది అంతకన్నా నీచం.

సాయంత్రం ఐదింటికి, అందరూ ఆస్పత్రి దగ్గర ఉండగా, మూడో నంబరు సెట్‌ను స్టేషన్‌కి నేనే తెచ్చాను. కొత్త సిలిండరు బిగించి గాలి వదిలాను. వంద, ఎనభై, యాభై, ముప్పై. ముల్లు సున్నాకి దిగింది గానీ విజిల్ మోగలేదు. దాని నోట్లో ట్యాంకు మట్టి ఎండి గడ్డకట్టి ఉంది. తాళాల గుత్తికున్న పిన్నీసు తీసి ఆ మట్టి పెకలించాను. మళ్లీ పరీక్షించాను. ఈసారి స్టేషనంతా వినబడేలా కూసింది. నేను ఏడ్చాను. ఏడుస్తూనే కింద పడ్డ మట్టిని కాలితో తుడిచేశాను.

విచారణకు బయటినుంచి వచ్చిన అధికారి సెట్ పరీక్షించాడు. విజిల్ బాగానే మోగింది.

"ఆ పొద్దున్న టెస్ట్ చేశావా?" అని అడిగాడు.

"చేశాను సార్," అన్నాను. రిజిస్టరులో నా సంతకం చూపించాను.

విజిల్ హెచ్చరించినా లెక్కచేయకుండా మంటలతో పోరాడుతూ ప్రాణం కోల్పోయాడని రిపోర్టు వచ్చింది. సంతాపసభలో మైకు నాకే ఇచ్చారు. ప్రాణాన్ని గడ్డిపోచలా చూసిన వీరుడని మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచి ప్రతి ఏప్రిల్లో ఫైర్ సర్వీస్ వారోత్సవాలకి అతని ఫొటోకి దండ వేసి, అదే మాట అదే మైకులో నేనే చెబుతూ వచ్చాను. అబద్ధమే అయినా దానివల్ల వాడి పేరు పెరుగుతోంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పెద్దకర్మ రోజున పైడితల్లి నన్ను పక్కకి పిలిచింది. "అన్నయ్యా, ఆ కూత ఇనబడినా ఆగిపోనాడేటి? మమ్మల్ని మరిసిపోనాడేటి?"

"వాడు వీరుడమ్మా," అన్నాను. ఆమె అడిగింది అది కాదని నాకు తెలుసు.

ఆమెకి కంపెనీ క్యాంటీన్లో ఉద్యోగం ఇచ్చారు. రోజూ నాకు టీ ఇచ్చేది, అన్నయ్యా అని పిలిచేది. దివ్య తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి స్టేషన్‌కి వచ్చి, "ఆ విజిల్ ఎంత గట్టిగా మోగుతాది మావయ్యా?" అని అడిగింది.

"సెవులు గింగుర్లెత్తిపోతాయమ్మా."

"అయితే నాన్నకి ఇనబడినట్టే కదా?"

"ఇనబడే ఉంటాది."

తలూపి వెళ్లిపోయింది. ఆ ఏడాది నుంచి తండ్రి ఫొటోకి దండ వేసే సభకి ఆ పిల్ల రాలేదు. పరీక్షలని, జ్వరమని తల్లి ఏదో సాకు చెప్పేది.

2025 ఫిబ్రవరిలో నేను రిటైరయ్యాను. రెండు వారాల తర్వాత పెందుర్తి వెళ్లాను. రిటైరయ్యేదాకా ఆగానన్నది కూడా మీకు తెలియాలి. తల్లీకూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి మట్టి, పిన్నీసు, సంతకం అన్నీ చెప్పాను. పైడితల్లి మధ్యలో ఒక్కసారే అడిగింది.

"తలుపుకేసి తిరిగున్నాడా?"

"అవునమ్మా. గొట్టం పట్టుకుని వొచ్చేస్తన్నాడు. గాలి సాల్లేదు. విజిల్ మోగుంటే నాకంటే ముందు బయటుండేవోడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దివ్య ఏడవలేదు.

"మీకెప్పుడు తెలిసింది?" అంది.

"ఆ రోజు సాయంత్రమే."

"మరి నాను స్టేషన్‌కొచ్చి అడిగినప్పుడు?"

"తెలిసే అబద్ధమాడానమ్మా."

"నాన్నకి మాకన్నా ఆ గోడౌనే ఎక్కువని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఆ ఫొటో సూస్తే ఒళ్లు మండేది నాకు. ఇప్పుడు ఉజ్జోగం ఐపోనాక సెప్పడానికొచ్చారా? ఇక్కడ నాలుగ్గోడల మధ్య సెబితే సాలదు. మైకులో సెప్పారు కదా, మైకులోనే సెప్పండి."

జరిగిందంతా ఒప్పుకుంటూ కంపెనీకి ఉత్తరం రాశాను. ఏప్రిల్లో ఎప్పట్లాగే నన్ను పిలిచారు, బహుశా అప్పటికి ఎవరూ దాన్ని చదవలేదు. ఫొటో పక్కన నిలబడి, విజిల్ మోగలేదని, దాన్ని పరీక్షించకుండా సంతకం పెట్టింది నేనని, అది దాచడానికి ఇన్నేళ్లూ అతణ్ణి వీరుడని పొగిడానని చెప్పాను. ఇల్లు చేరాలనుకున్న మనిషని, చేరబోతూ పోయాడని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాతో పాతికేళ్లు పనిచేసినవాళ్లు నేల చూపులు చూశారు. వెనక వరుసలోంచి దివ్య లేచి వచ్చి, నన్ను దాటి, తండ్రి ఫొటోకి దండ వేసింది.

తర్వాత విచారణ మళ్లీ తెరిచారు. ఏ శిక్ష పడినా కాదనను. సభ అయిన రోజు పైడితల్లి టీ పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "తీసుకోండి అప్పారావుగారూ," అంది.

ఈ కేసు నేర్పిందేమిటని అడిగితే, విజిల్ పరీక్ష మానకండని చెప్పొచ్చు. అది మా పుస్తకాల్లో మొదటి పాఠంలోనే ఉంది, నేను చేరిన వారంలోనే నేర్చుకున్నాను. చనిపోయినవాణ్ణి గొప్పచేసే అబద్ధం వల్ల ఎవరికీ ఏమీ పోదనుకున్నాను. రోజూ జడలు వేసిన తండ్రి మీద ఒక పిల్ల ఎనిమిదేళ్లు కోపం పెట్టుకుని పెరిగింది.